పాదం చుట్టూ గీతలు

రాహుకాలాన్ని నేనేమీ కనిపెట్టలేదు. మా పుల్లంపేటలో పొరుగూరికి పోవాలన్నా గోడ మీది క్యాలెండర్ చూసే గడప దాటేవాళ్లం. కువైట్ వచ్చి పదకొండేళ్లయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. నా గది తలుపు వెనక ప్రతి ఏడూ ఒక తెలుగు క్యాలెండర్ వేలాడాల్సిందే. ఊరి నుంచి వచ్చేవాళ్లు ఎవరో ఒకరు తెచ్చిచ్చేవాళ్లు. కరోనా రెండో ఏడు తెచ్చే మనిషి లేక, నా కూతురు చంద్రిక ఒక్కో నెల కాగితాన్నీ ఫొటో తీసి ఫోన్లో పంపేది. ఇంత జరిగింది ఆ క్యాలెండర్ వల్లే. కాదులెండి, నా వల్లే.

మామా అంటే మా యజమానురాలు. బ్నీద్ అల్ గార్‌లో ఆమెది పాతకాలపు పెద్ద ఇల్లు. అందులో వంట గురమ్మది, అంటే నాది, పిల్లల పని అనలిన్‌ది, కారు మా పక్క ఊరి పెంచల్‌ది. అనలిన్ ఫిలిప్పీన్స్ పిల్ల. నన్ను 'ఆతే' అంటుంది. వాళ్ల భాషలో అక్క అని. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా భాష రాదు. మా ఇద్దరికీ ఉన్నది వంటింటి అరబ్బీ ఒక్కటే. దాంట్లోనే నవ్వుకున్నాం, పోట్లాడుకున్నాం. ఇక్కడ ఆమె మాటలన్నీ నేను తెలుగులోకి మార్చి చెబుతున్నాను.

మొదట్లో ఆమె ఎండు చేపలు వేయిస్తుంటే ముక్కు మూసుకుని తిట్టేదాన్ని. తర్వాత ఒక రోజు పచ్చి మామిడికాయ చీలికను ఉప్పులో అద్దుకుని కళ్లు మూసుకుని తింటూ కనిపించింది. ఓసి, ఇది మన మనిషే అనుకున్నాను. ఆ రోజు నుంచి కారం నేనిచ్చేదాన్ని.

అనలిన్‌కి ఒక్కడే కొడుకు. పేరు జోజో. వాడికి మూడేళ్లప్పుడు ఆడపడుచు దగ్గర వదిలి వచ్చింది. వచ్చే ముందు రోజు వాడి పాదాన్ని నోటుపుస్తకం కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకుంది. ఆ కాగితం పెట్టె మూతలో ఉండేది. ఏటా వాడి పుట్టినరోజుకి దాన్ని తీసి, పాత గీత చుట్టూ కాస్త ఎడంగా కొత్త గీత గీసేది. ఇంత పెరిగి ఉంటాడని అంచనా. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే పొరలు కనబడతాయే, అట్లా ఉండేది ఆ కాగితం. అప్పటికి లోపలి అసలు పాదం చుట్టూ నాలుగు గీతలున్నాయి. నాలుగో గీత కొలతకే శుక్రవారం సంతలో బూట్లు కొన్నది. అడుగేస్తే మడమలో ఎర్ర లైటు వెలిగే బూట్లు.

"అడిగి కనుక్కోకూడదా, ఎంత సైజో?" అన్నానొకసారి.

"అడిగితే చెప్తారు ఆతే. కానీ నేను తల్లిని కదా, నాకే తెలియాలి" అంది.

నాకు ఒళ్లు మండింది. తెలియాలట! కానీ ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ ఏడు చంద్రిక కడుపుతో ఉంది. తొలి చూలు. మా ఆయన పోయి ఎనిమిదేళ్లు. నేనిక్కడ, అది రైల్వే కోడూరులో అత్తగారింట్లో. పుల్లంపేటలో మా ఇంటికి తాళం. ఆ తాళంచెవి చంద్రిక దగ్గరే ఉండేది.

"మా, నెలలు నిండేది కార్తీకంలో అంట. తొలి కానుపు పుట్టింట్లో కదా కావల్సింది. నువ్వు రాకుంటే నాకు పుట్టిల్లు యాడుండాది? తాళమేసిన ఇంటికి ఎట్ల పోయ్యేది?" అంది ఫోన్లో.

"వస్తా పాపా. నేనే వచ్చి తాళం తీస్తా" అన్నాను.

అనడం సులువే. ఆ రోజుల్లో ఊరికి పోవడమంటే పెట్టె సర్దుకోవడం కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, అప్పుడైతే వారానికో పూజారి మారేవాడు. అనలిన్ సంగతే చూడండి. విమానం ఎక్కే వేళకు ముక్కు పరీక్ష చేయించి డెబ్బై రెండు గంటలు దాటకూడదు. మనీలాలో దిగాక పది రోజులు హోటల్ గదిలో ఒంటరిగా ఉండాలి. అక్కడ ఇంకో పరీక్ష. ఆ తర్వాత వాళ్ల దీవికి పోవడానికి ఊరివాళ్ల అనుమతి కాగితం. తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ గదిలో బందీ. యాభై రోజులు సెలవు పెడితే కొడుకు పక్కన పడుకునేది ముప్పై రోజులు. పైగా మనీలాకు రోజుకు ఇంతమందే దిగాలని లెక్క పెట్టారు కాబట్టి సీటు దొరకడమే ఒక గండం.

మామా ఒక్కటే మాట చెప్పింది. "ఇద్దరూ ఒకేసారి పోవడానికి లేదు. ఒకరు వచ్చాకే ఇంకొకరు." నాలుగేళ్లుగా ఊరు చూడనిది కాబట్టి అనలిన్ ముందు. ఆగస్టు చివర పోతే అక్టోబరు మూడో వారానికల్లా వచ్చేస్తుంది. నవంబరు నడుమ చంద్రిక కాన్పు. అంటే ఆమె బయల్దేరడం ఆలస్యమైతే నా బిడ్డ కాన్పు నా చెయ్యి దాటిపోతుంది. అందుకే ఆమె ప్రయాణం గురించి ఆమెకంటే నాకే ఎక్కువ బెంగ.

విమానం సోమవారం సాయంత్రం ఐదింటికి. పరీక్షకు మామా శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు వేళ పెట్టింది. నేను ఫోన్లో ఆగస్టు కాగితం తీసి చూశాను. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం.

"పెంచలా, మొదటి పనే రాహుకాలంలో పెట్టుకుంటే పయనం సాగతాదా?" అన్నాను.

పెంచల్ కారు తుడుస్తూ నవ్వాడు. "ముక్కులో పుల్ల పెట్టేదానికి రాహుకాలమేంది కా? ఆడేమన్నా టెంకాయ కొట్టాల్నా?"

"నీకేం తెలుసురా, నోర్ముయ్. రేపు శుక్రవారం సాయంత్రం నువ్వు ఖైతాన్‌కు పోతావు కదా, మీ వాళ్ల రూముకి. ఆ పక్కనే క్లినిక్ ఉండాది. ఆరింటికి ఏపిచ్చుకోనొద్దాం. శుక్రవారం, దీపాలు పెట్టే యాళ."

వాడు వేళ్లు మడిచి లెక్కేశాడు. "శుక్రవారం ఆరు నుంచి సోమవారం ఐదు... డెబ్బై ఒకటి. గంట మిగుల్తాది. సరిపోతాది లే."

"చూసినావా? లెక్క కూడా కుదిరింది."

అనలిన్ మాత్రం ఒకసారి అడిగింది. "శనివారం వద్దా ఆతే? మామా చెప్పింది కదా?"

"ఆ గంట మంచిది కాదు. మా వాళ్లకు ఇవన్నీ తెలుసు" అన్నాను.

"నువ్వు చెబితే సరే" అంది. అంత నమ్మకంగా అనకపోయి ఉంటే బాగుండేది.

శుక్రవారం ఆరింటికి పరీక్ష అయింది. ఆదివారానికి కాగితం వచ్చింది, జబ్బు లేదని. నేనే గెలిచినట్టు ఊరేగాను. సోమవారం మధ్యాహ్నం కారు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాను. అనలిన్ నా మెడ పట్టుకుని ఏడ్చింది. బూట్లు పెట్టెలో నలుగుతాయని చేతిసంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఏడు కాకముందే గేటు దగ్గర హారన్ వినిపించింది. పెంచల్ ఒక్కడే వచ్చాడనుకుని తలుపు తీశాను. వెనక అనలిన్ పెట్టె ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఇమానం మూడు గంటలు లేటు కా" అన్నాడు పెంచల్, నా మొహం చూడకుండా. "ఐదుది ఎనిమిదికి. కౌంటర్లో కాగితం చూసినాడు. ఎనిమిదికి డెబ్బై నాలుగు గంటలైతాది, మాఫీ, కుదరదు అన్నాడు. ఆడనే మళ్లీ ఏపిచ్చుకుంటామంటే రిజల్టు రేపొస్తాదంట. ఎంత బతిమాలినా ఇన్లేదు. శనివారం పొద్దున ఏపిచ్చుకోనుంటే..."

నాకు మిగతాది చెప్పక్కర్లేదు.

మామాకు కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. టికెట్ డబ్బు సగం పోయింది. మళ్లీ సీటు దొరికేది ఇరవై నాలుగు రోజుల తర్వాత. "శనివారమని చెప్పాను కదా, శుక్రవారం ఎందుకు పోయావు?" అని హాల్లో నిలబెట్టి అడిగింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అనలిన్ ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"నా తప్పే మామా" అంది.

"అయితే నీ వంతు ఖలాస్. గురమ్మ ముందు పోతుంది. ఇండియాకు సీట్లున్నాయి. నువ్వు రంజాన్ అయ్యాక పో" అని మామా లోపలికి వెళ్లిపోయింది.

అబద్ధమెందుకు, ముందు నా గుండె ఎగిరి గంతేసింది. ఆ పిల్ల కళ్లనీళ్లు ఇంకా ఆరలేదు, నేను గదిలోకి పోయి కూతురికి ఫోన్ చేశాను.

"ముందే వస్తాండా పాపా. వచ్చే నెలలోనే."

"నిజంగానా మా! మా అత్తకు చెప్తా ఉండు. శ్రీమంతానికే ఉంటావు" అని చంద్రిక ఫోన్లోనే చప్పట్లు కొట్టింది. అంత సంతోషం దాని గొంతులో నేను విని చాలా ఏళ్లయింది.

మరుసటి రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. నేను రాహుకాలం కోసమే చెప్పానా, లేక ఆమె ముందు పోతోందన్న కుళ్లు ఎక్కడో లోపల ఉండి చెప్పించిందా అని తవ్వుకున్నాను. కుళ్లు లేదు, ఒట్టు. ఆమె పోతేనే కదా నేను పోయేది. అయినా ఫలితం మాత్రం కుళ్లు ఉన్నదాని ఫలితం లాగే ఉంది.

"నా పేరెందుకు చెప్పలేదు?" అని అడిగాను, పిల్లల బట్టలు మడుస్తున్న అనలిన్‌ని.

"నీ కూతురికి బిడ్డ పుట్టాలి. నా కొడుకు పుట్టేశాడు కదా ఆతే. వాడికి ఎదురుచూడటం అలవాటే" అంది.

అని పెట్టె మూత తెరిచింది. కాగితం తీసి ఇస్త్రీ బల్ల మీద పరిచింది. పెన్సిలు పట్టుకుని నాలుగో గీత చుట్టూ ఐదో గీత గీయడం మొదలుపెట్టింది. వాడి పుట్టినరోజుకి ఇంకా రెండు నెలలుంది. "రంజాన్ అయ్యాక అంటే ఇంత అవుతాడు" అని తనలో తాను అనుకుంటోంది. మడమ దగ్గర గీత వంకర పోయింది. చెరిపి మళ్లీ గీసింది. బూట్లను ఆ గీత మీద పెట్టి చూసింది. చిన్నవైపోయాయి.

నేను చూడలేకపోయాను. పొయ్యి మీద మచ్‌బూస్ అన్నం మాడిపోతుందని కూడా చూసుకోకుండా మామా దగ్గరికి పోయాను.

పోయాను గానీ, రాహుకాలానికి అరబ్బీలో మాట ఏది? పదకొండేళ్లలో ఉప్పు, ఉల్లిగడ్డ, జీతం, జ్వరం అన్నిటికీ మాటలు నేర్చుకున్నాను. దీనికి మాత్రం లేదు.

"మామా, అనలిన్ తప్పు లేదు. నేను శుక్రవారం పొమ్మన్నాను. శనివారం పొద్దున... సాఆ మూ జేన్" అన్నాను. గంట మంచిది కాదు అని.

"ఏ గంట?"

"మా దేశంలో రోజూ గంటన్నర మంచిది కాదు మామా. అప్పుడు ఏదీ మొదలుపెట్టం."

"ఎవరు చెప్పారు?"

"క్యాలెండర్."

"అస్తగ్‌ఫిరుల్లా!" అని మామా కళ్లజోడు తీసి నన్ను కిందికీ పైకీ చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "మరి ఆ మంచి గంటలో చేస్తే ఏం మంచి జరిగింది, గురమ్మా?"

తప్పు నాదేనని మళ్లీ చెప్పాను.

"అయితే వంతు ఎవరిది?" అంది మామా.

"అనలిన్‌దే."

"నీ కూతురి కాన్పు?"

అరబ్బీ సంగతి దేవుడెరుగు, నాకు తెలుగు కూడా రాలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. మామా ఆ ఇరవై నాలుగు రోజుల తర్వాతి సీటే అనలిన్‌కి ఖాయం చేయమంది. రెండో పరీక్ష ఖర్చు నా జీతంలోంచి పోతుందంది. సరేనన్నాను. అది చాలా చిన్న శిక్ష. పెద్దది ఫోన్లో ఉంది.

చంద్రికకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు తప్పించుకున్నాను. చెప్పాక అది అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త నెమ్మదిగా ఉండేది.

"తాళం నువ్వే తీస్తానంటివే మా" అంది. అంతే, పెట్టేసింది.

సెప్టెంబరు ఇరవై మూడు, గురువారం అనలిన్ విమానం. పరీక్షకు మంగళవారం మూడున్నరకు వేళ దొరికింది. ఆ రోజు నేను క్యాలెండర్ చూడలేదు అని చెబితే గొప్పగా ఉంటుంది. చూశాను. నడి రాహుకాలం. నోరు మూసుకుని కారులో ఆమె పక్కన కూర్చున్నాను. విమానం నిమిషం ఆలస్యం లేకుండా లేచింది.

మనీలా హోటల్ నుంచి రోజూ ఫోన్ చేసేది. కిటికీ చూపించేది. ఎదురుగా ఇంకో హోటల్, అందులోనూ కిటికీకి ఒక మనిషి. "సొంత దేశంలో ఉన్నాను ఆతే, కానీ జోజో దగ్గరికి ఇంకో విమానం ఎక్కాలి" అనేది. నేను ఇక్కడ పిల్లలకు అన్నం పెడుతూ, ఆమె గదిలో ఆమె అన్నం తింటూ, ఇద్దరం గంటలు గంటలు ఊరికే ఫోన్ తెరిచి పెట్టుకునేవాళ్లం. మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

ఇల్లు చేరిన రోజు ఫోన్ ఎవరో పట్టుకున్నారు. జోజో అత్త వెనక నక్కి చూస్తున్నాడు. అనలిన్ నేల మీద కూర్చుని ఆ కాగితం పరిచింది. అది చూసి వాడికి కుతూహలం పుట్టి దగ్గరికొచ్చాడు. పాదం తీసి గీతల మధ్య పెట్టాడు. బొటనవేలు ఐదో గీత కూడా దాటిపోయింది. అనలిన్ నవ్వింది, వెంటనే వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు మాత్రం ఆ చిన్న బూట్ల మడమలు తొక్కి వేసుకుని ఇల్లంతా లైట్లు వెలిగించుకుంటూ తిరిగాడు. నేను ఇక్కడ వంటింట్లో నిలబడి ఏడ్చాను. పక్కనే ఉల్లిపాయలున్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

నవంబరు పదకొండున అనలిన్ తిరిగొచ్చింది. అప్పటికి రూలు మారి, హోటల్ బదులు మా మేడ మీది గదిలోనే వారం ఉండమన్నారు. గది బయట పళ్లెం పెట్టి తలుపు తట్టి వచ్చేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం చంద్రిక అత్త ఫోన్ చేసింది. "ఆడబిడ్డ వదినా. తల్లీ బిడ్డా బాగుండారు. దిగులు పెట్టుకోబాకు."

చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని మేడ మెట్లెక్కాను. మూసిన తలుపుకి నోరు ఆనించి, "అనలిన్, బింత్! ఆడపిల్ల!" అని అరిచాను. లోపల ఆమె తలుపు మీద రెండు చేతులా కొట్టింది. "మబ్రూక్ ఆతే! మబ్రూక్!" తలుపుకి ఇటు నేను, అటు ఆమె. వారం ముందు పుట్టకుండా, వారం తర్వాత పుట్టకుండా, సరిగ్గా ఆ తలుపు మూసి ఉన్నప్పుడే పుట్టింది నా మనవరాలు. కోడూరులో, చంద్రిక అత్తగారింటి నుంచే ఆసుపత్రికి పోతే, నేను లేకుండా.

ఫొటో పంపారు. ఫోన్ నిండా మొహం. వేళ్లతో పెద్దది చేస్తే పెద్దదవుతుంది, చిన్నది చేస్తే చిన్నదవుతుంది. ఎంత ఉందో నాకు తెలిసి చావలేదు.

"పాపా, బిడ్డ పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఎవరన్నా వస్తాంటే పంపిచ్చు" అన్నాను చంద్రికతో.

"దేనికి మా?"

"ఫోన్లో కొలత తెలీదు."

"సరేలే" అంది.

నవంబరు చివర ఓబులవారిపల్లె నుంచి ఒకామె ఇక్కడి అబ్బాసియాకు వచ్చింది. పెంచల్ పోయి పొట్లం తెచ్చిచ్చాడు. నువ్వుల పొడి, కరివేపాకు పొడి, వాటి నడుమ మడిచిన కాగితం. కాగితం లోపల ఏదో బరువుగా ఉంది. విప్పితే మా ఇంటి తాళంచెవి. పక్కన చంద్రిక రాత: 'మూడో నెలలో బిడ్డనెత్తుకోని పుట్టింటికి వస్తా. నువ్వే తీయాల.'

నాకు డిసెంబరు పన్నెండుకి టికెట్. మళ్లీ కొత్త రకం జబ్బు ఏదో వచ్చిందట, మళ్లీ రూళ్లు మారతాయట అని పొట్లంతో పాటే ఆ కబురూ మోసుకొచ్చాడు పెంచల్. పోగలనో లేదో మామాకూ తెలియదు.

కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచాను. నా చూపుడువేలంత పాదం. బిడ్డ కదిలిందేమో, చిటికెన వేలి దగ్గర గీత పక్కకు పోయింది. అనలిన్ వచ్చి వంగి చూసింది, దాని మీద మెల్లిగా అరచెయ్యి పెట్టింది. తర్వాత తన పెట్టెలోంచి పెన్సిలు తెచ్చి నాకిచ్చింది. "ఉంచుకో ఆతే. పుట్టినరోజుకి కావాలి కదా" అంది మనసారా.

తాళంచెవిని ఒక దారానికి కట్టి మెడలో వేసుకున్నాను. పెన్సిలు తీసి ఆమె చేతిలోనే పెట్టేశాను.

"నాకొద్దు అనలిన్. దీనికి రెండో గీత నేను గియ్యను."